ఫ్రెంచ్‌లో లె, లా, లే ఎక్కడ పెట్టాలి? తెలుగువాళ్లకు ఎందుకు తికమక?

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. ఉండేది కాజీపేట, బీటెక్ ఫైనల్ ఇయర్. ఫ్రాన్స్‌లో మాస్టర్స్ చేద్దామని, ముందు డెల్ఫ్ ఏ1 (ఫ్రెంచ్‌లో మొదటి స్థాయి పరీక్ష) రాద్దామని యాప్‌లో ఫ్రెంచ్ మొదలుపెట్టావు. "లె, లా, లే అంటే ఇంగ్లిష్‌లో ‘ద’ అని నేర్పారు. మరి ‘నాకు కాఫీ ఇష్టం’ అనడానికి ‘జెమ్ లె కఫే’ అంటున్నారేంటి, ఏ కాఫీ అని? పైగా కుర్చీ ఆడది, పుస్తకం మగది అని ఎవరు తేల్చారు? తెలుగులో ఈ గోలే లేదు కదా, ఎట్లా గుర్తుపెట్టుకోవాలి?"

హన్మకొండలో ఇంట్లోనే చిన్న చిన్న బ్యాచ్‌లకు ఫ్రెంచ్ చెప్తుంటాను. ప్రతి కొత్త బ్యాచ్‌లో రెండో వారానికల్లా ఈ ప్రశ్న వస్తుంది. ముందు సూటిగా జవాబు.

‘లె’ అంటే ‘ద’ అనుకోవడం ఇవాళ్టితో ఆపెయ్. ఫ్రెంచ్‌లో నామవాచకం ముందు ఏదో ఒక చిన్న మాట ఉండటమే మామూలు, ఏమీ లేకపోవడమే మినహాయింపు. ఆ చిన్న మాట లె, లా, లే అయ్యేది రెండు సందర్భాల్లో. ఒకటి, నీకూ నాకూ తెలిసిన ఫలానా వస్తువు గురించి మాట్లాడినప్పుడు. రెండు, ఆ రకం మొత్తాన్ని కలిపి మాట్లాడినప్పుడు, అంటే కాఫీ అనేది, సంగీతం అనేది, మామిడిపళ్లు అనేవి. ‘జెమ్ లె కఫే’ రెండో రకం. ఏ కాఫీ అంటే, కాఫీ అన్నదంతా.

రూపాలు నాలుగు. పుంలింగ ఏకవచనానికి లె, స్త్రీలింగ ఏకవచనానికి లా, అచ్చు శబ్దంతో మొదలయ్యే మాటకు ఏ లింగమైనా ఉత్త ‘ల్’, బహువచనానికి ఏ లింగమైనా లే. అందరికీ చదవడానికి వీలుగా ఇక్కడ ఫ్రెంచ్ మాటల్ని తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా. ఇవి దగ్గరి ఉచ్చారణలు మాత్రమే. స్పెల్లింగ్ నీ పుస్తకంలో చూసుకో, ఆడియో తప్పకుండా విను.

ఇక కారణాలు. మనం ఫ్రెంచ్‌కి ఇంగ్లిష్ మీదుగా వస్తాం, చిక్కంతా అక్కడే. ఇంగ్లిష్‌లో ‘ఐ లైక్ కాఫీ’ అంటే ముందు ఏమీ రాదు. దాన్ని చూసి ఫ్రెంచ్‌లోనూ తీసేస్తాం. తెలుగులో ఆర్టికల్స్, అంటే ఈ చిన్న మాటలు, లేవు కాబట్టి మనకు ఆ తేడానే తెలియదని కూడా అనుకోవద్దు. "పుస్తకం కొన్నా" అంటే ఏదో ఒక పుస్తకం. "పుస్తకాన్ని కొన్నా" అంటే ఎదుటివాడు "ఏ పుస్తకం?" అంటాడు, మనం ముందు మాట్లాడుకున్నదేనా అని. ఆ ‘ని’ చేసే పనిలో కొంత భాగం ఫ్రెంచ్‌లో లె చేస్తుంది. మొదటి సందర్భం వరకు నీ తెలుగు చెవి బాగానే పనికొస్తుంది. రెండోదానికి పనికిరాదు. "నాకు కాఫీ ఇష్టం" అన్నప్పుడు తెలుగులో ఏ గుర్తూ ఉండదు, కాబట్టి అది మాత్రం కొత్తగా అలవాటు చేసుకోవాల్సిందే.

అన్నట్టు లాటిన్‌లో కూడా ఆర్టికల్స్ లేవు. ‘ఆ’, ‘అది’ అనే అర్థంలో ‘ఇల్లె’, ‘ఇల్లా’ అని ఉండేవి. జనం నోట్లో అవి అరిగి అరిగి లె, లా అయ్యాయి. మనలాగే ఏమీ లేని భాష నుంచే ఇదంతా పుట్టింది.

ఇప్పుడు అసలు తికమక పెట్టే చోటుకొద్దాం. నేను క్లాసులో కాఫీ ఉదాహరణ వాడను, ఆదివారం చికెన్ వాడతా. ఎవరికీ మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు.

‘లె దిమాఁష్, జె మాఁజ్ ద్యు పూలే.’ ప్రతి ఆదివారం చికెన్ తింటా.

‘జెమ్ లె పూలే.’ నాకు చికెన్ ఇష్టం.

‘జె మాఁజ్ లె పూలే.’ ఆ చికెన్ నేను తింటా, అంటే గిన్నెలో ఉందే, అది.

మూడు వాక్యాల్లోనూ చికెన్ ఒకటే, పూలే. మొదటిదాంట్లో ద్యు వచ్చింది. ఎందుకంటే ప్రపంచంలోని చికెనంతా నువ్వు తినవు, కొంత తింటావు. కొలత చెప్పకుండా ‘కొంత’ అనే అర్థం వచ్చేచోట పుంలింగానికి ద్యు, స్త్రీలింగానికి దె లా, అచ్చు ముందు దె ల్. రెండోదాంట్లో ఇష్టపడటానికి కొంత, సగం అని ఉండదు, చికెన్ అనే పదార్థం మొత్తం నీకిష్టం, అందుకని లె. మూడోది తెలిసిన ఫలానా చికెన్.

దీన్నిబట్టి ఒక మంచి ఆనవాలు దొరుకుతుంది. ఇష్టం, అయిష్టం చెప్పే క్రియలు వస్తే దాదాపు కళ్లు మూసుకుని లె, లా, లే పెట్టు. ఎమె, అదొరె, ప్రెఫెరె, దెతెస్తె. ఇష్టపడటం, ఎంతో ఇష్టపడటం, ఎక్కువ ఇష్టపడటం, అసహ్యించుకోవడం. తినడం, తాగడం, కొనడం లాంటివి వస్తే ముందు ‘కొంతా, ఫలానాదా’ అని ఆలోచించు.

కాదు, లేదు అన్నప్పుడు ఈ తేడా ఇంకా బాగా బయటపడుతుంది. ‘జె నెమ్ పా లె పూలే’, చికెన్ ఇష్టం లేదు. లె కదల్లేదు. ‘జె నె మాఁజ్ పా దె పూలే’, చికెన్ తినను. ద్యు కాస్తా దె అయిపోయింది. శనివారం నాన్‌వెజ్ ముట్టని ఇళ్ల పిల్లలు ఈ రెండో వాక్యాన్ని చాలా తొందరగా పట్టుకుంటారు. పుస్తకాల్లో దీన్ని వేరే పాఠంలో పెడతారు కానీ లె నేర్చుకున్న రోజే దీన్నీ పక్కన పెట్టుకోవాలని నా అభిప్రాయం. లేకపోతే నెల తర్వాత రెండూ కలిసిపోతాయి.

ఇంకో చిన్న సంగతి. లెక్కపెట్టగలిగే వాటి గురించి ఇష్టం చెప్పేటప్పుడు బహువచనం వాడాలి. ‘జెమ్ లే మాఁగ్’, మామిడిపళ్లంటే ఇష్టం. మనం తెలుగులోనూ అట్లనే అంటాం కదా.

తర్వాత నువ్వు అడగని విషయం ఒకటి. అడగకపోయినా ఇది తెలియాలి. లె, లే మధ్య ఉచ్చారణ తేడా నోటికి రాకపోతే మిగతా నియమాలన్నీ వచ్చినా ఫలితం తక్కువ. ఫ్రెంచ్‌లో బహువచనానికి చివర ఎస్ రాస్తారు, పలకరు. పుస్తకం ‘లీవ్ర్’, పుస్తకాలు కూడా ‘లీవ్ర్’. వినేవాడికి ఒకటా పదా అని తెలిసేది ముందున్న చిన్న మాటతోనే. లె లీవ్ర్ ఒకటి, లే లీవ్ర్ చాలా. మన భాషలో బహువచనం మాట చివర ‘లు’లో వినిపిస్తుంది కాబట్టి చెవి చివరికి పోతుంది. ఫ్రెంచ్‌లో మొదట్లోనే వినాలి. మనవాళ్లు చాలామంది లె అనాల్సిన చోట సాగదీసి లే అంటారు. అంగడికి పోయి ఒక్క రొట్టె గురించి అడుగుతూ అన్ని రొట్టెల గురించీ అడిగినట్టవుతుంది. లె అనేటప్పుడు పెదాలు కొంచెం గుండ్రంగా ముందుకు రావాలి, పొట్టిగా వదిలెయ్యాలి. లే అనేటప్పుడు నవ్వినట్టు పక్కకు సాగాలి. అద్దం ముందు నిలబడి చెయ్, సిగ్గేం లేదు.

లే తర్వాత అచ్చు వస్తే పలకని ఆ ఎస్ కాస్తా ‘జ్’ అయి లేచొస్తుంది. లామీ, మిత్రుడు. లే జామీ, మిత్రులు.

ఇప్పుడు లింగం గొడవ. కుర్చీ ఆడదని ఎవరు తేల్చారంటే ఎవరూ కూర్చుని తేల్చలేదు. చాలావరకు లాటిన్ నుంచి అట్లా దిగి వచ్చింది. తెలుగులో మనుషుల్లో మగవాళ్లు ఒక పక్క, మిగతా అంతా ఇంకో పక్క. ఆమె వచ్చింది, బస్సు వచ్చింది, రెండింటికీ ఒకటే క్రియ. అందుకే వస్తువుకు లింగం అంటే మనకు వింత. కానీ ఓరుగల్లులో పెరిగిన నీకు హిందీయో ఉర్దూయో ఎంతో కొంత వచ్చే ఉంటుంది. చాయ్ ఠండీ హో గయీ, పానీ ఠండా హో గయా. వస్తువులకు లింగం ఉండే భాష నువ్వు రోజూ వింటూనే ఉన్నావు, తప్పో ఒప్పో మాట్లాడుతూనే ఉన్నావు.

అయితే హిందీ లింగాన్ని ఫ్రెంచ్‌లోకి మోసుకురావద్దు. మా దగ్గర ఇంట్లో ఉర్దూ మాట్లాడే అమ్మాయిలు మొదట్లో చాలా వేగంగా పోతారు, తర్వాత ఇక్కడే తడబడతారు. చాయ్ హిందీలో స్త్రీలింగం, ఫ్రెంచ్‌లో ‘లె తే’, పుంలింగం. పానీ పుంలింగం, ఫ్రెంచ్ నీళ్లు ‘లో’, స్త్రీలింగం. కితాబ్ స్త్రీలింగం, ‘లె లీవ్ర్’ పుంలింగం. చాంద్ పుంలింగం, ‘లా ల్యూన్’ స్త్రీలింగం. అన్నింటికన్నా వింత గంగ. మనకు గంగమ్మ తల్లి, ఫ్రెంచ్‌వాళ్లకు ‘లె గాఁజ్’, పుంలింగం! ఇది చెప్పినప్పుడల్లా క్లాసులో ఎవరో ఒకరు నొచ్చుకుంటారు.

గుర్తుపెట్టుకోవడానికి దగ్గరి దారులు కొన్ని ఉన్నాయి. ‘స్యోఁ’ అని ముగిసేవి, అంటే స్పెల్లింగ్‌లో టి-ఐ-ఓ-ఎన్, స్త్రీలింగం. లా నాస్యోఁ, లా స్తాస్యోఁ. ‘ఎత్’ అని ఇ-టి-టి-ఇ తో ముగిసేవి స్త్రీలింగం. ‘మాఁ’ అని ఎమ్-ఇ-ఎన్-టి తో ముగిసేవి, ‘ఇస్మ్’ అని ముగిసేవి పుంలింగం. ‘ఆజ్’ అని ఏ-జి-ఇ తో ముగిసేవి పుంలింగం, కానీ బీచ్, పేజీ, బొమ్మ, పంజరం (ప్లాజ్, పాజ్, ఇమాజ్, కాజ్) స్త్రీలింగం. ‘ఓ’ అని ఇ-ఏ-యు తో ముగిసేవి పుంలింగం, నీళ్లు, చర్మం తప్ప. ఇవి చాలాచోట్ల నిలబడతాయి. అన్నిచోట్లా అని మాత్రం అనను.

దీనికన్నా నమ్మకమైనది నోట్‌బుక్. మాటను ఒంటరిగా ఎప్పుడూ రాయకు. ‘మెజోఁ, ఇల్లు’ అని కాదు, ‘లా మెజోఁ’ అని రాయి, ‘లా మెజోఁ’ అని పలుకు. అచ్చుతో మొదలయ్యే మాటలకు ఇంకో జాగ్రత్త కావాలి. ‘లెకొల్’ (బడి) అని రాసుకుంటే లింగం ఆ ‘ల్’ వెనక దాక్కుంటుంది. ‘లోతెల్’ (హోటల్) దీ అదే కథ. వీటిని యెఁ, యూన్ (రెండింటికీ ‘ఒక’ అనే అర్థం) తో రాసుకో. యూన్ ఎకొల్, స్త్రీలింగం. యెఁ నోతెల్, పుంలింగం. ఈ ఒక్క అలవాటు లేకపోవడం వల్లే ఏ2 (ఏ1 తర్వాతి స్థాయి) దాకా పోయినవాళ్లు కూడా విశేషణాల దగ్గర బోల్తా పడతారు.

లింగం మారితే అర్థం మారే జంటలు కొన్ని ఉన్నాయి. లా తూర్ ఎఫెల్ అంటే టవర్, లె తూర్ దె ఫ్రాఁస్ అంటే చుట్టి రావడం, ఆ సైకిల్ పందెం. అయితే ఫ్రెంచ్‌వాళ్లకు అన్నీ పుట్టుకతో వచ్చేస్తాయనుకోకు. కోవిడ్ వచ్చినప్పుడు ఫ్రాన్స్‌లో దాదాపు అందరూ లె కోవిద్ అన్నారు. 2020 మే నెలలో ఫ్రెంచ్ అకాడమీ (ఫ్రెంచ్ భాష బాగోగులు చూసే సంస్థ) "రోగం స్త్రీలింగం కాబట్టి లా కోవిద్ అనండి" అంది. ఫ్రాన్స్‌లో చాలామంది ఇప్పటికీ లె అనే అంటున్నారు.

హెచ్ గురించి రెండు ముక్కలు. ఫ్రెంచ్‌లో హెచ్ ఎప్పుడూ పలకరు. కొన్ని మాటల్లో అది అసలు లేనట్టే, కాబట్టి లొమ్ (మనిషి), లోతెల్. కొన్నింట్లో పలకకపోయినా గోడలా నిలబడుతుంది. లె ఏరో (వీరుడు), లే ఆరికో (బీన్స్). వీరులు అనడానికి ‘లే ఏరో’ అనకుండా కలిపేసి ‘లే జేరో’ అంటే సున్నాలు అనే అర్థం వస్తుంది. వీరనారికి మాత్రం గోడ లేదు, లేరొయీన్. డిక్షనరీలో ఇట్లాంటి హెచ్ ముందు చిన్న గుర్తు ఉంటుంది, చూసుకో. పదకొండు కూడా ఇంతే, మాట అచ్చుతో మొదలైనా ‘లె ఓఁజ్’ అనే అంటారు.

కలిసిపోయే రూపాల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ‘ఆ’ (కి, లో, దగ్గర) అనే మాట పక్కకు లె వస్తే రెండూ కలిసి ‘ఓ’ అవుతాయి, లే వచ్చినా ‘ఓ’నే, స్పెల్లింగ్ మాత్రం వేరు. ‘దె’ (యొక్క, నుంచి) పక్కకు లె వస్తే ‘ద్యు’, లే వస్తే ‘దే’. లా, ల్ మాత్రం కలవవు. దీనికి ఒంటి నొప్పులకు మించిన అభ్యాసం లేదు. తలనొప్పి ‘జే మాల్ ఆ లా తెత్’, కడుపునొప్పి ‘జే మాల్ ఓ వాఁత్ర్’, పంటినొప్పి ‘జే మాల్ ఓ దాఁ’, భుజం నొప్పి ‘జే మాల్ ఆ లేపోల్’. నాలుగు రూపాలూ నాలుగు నొప్పుల్లో వచ్చేశాయి. ఇంకోటి గమనించు, ‘నా తల’ అనలేదు, ‘లా తెత్’ అన్నారు. ఒంటి భాగాలకు సాధారణంగా నా, నీ వాడరు, ఎవరి తలో వాక్యంలోనే తెలుస్తుంది కాబట్టి.

మన వేయిస్తంభాల గుడిని ఫ్రెంచ్‌లో ‘లె తాఁప్ల్ ఓ మిల్ పిలియే’ అంటారు. ఆ మధ్యలో ఉన్న ‘ఓ’ ఇదే, ఆ ప్లస్ లే. ‘వేయి స్తంభాలు ఉన్న’ అనే అర్థం అది మోస్తోంది. నా విద్యార్థులు ఈ నియమం మర్చిపోయినా ఈ పేరు మర్చిపోరు, పేరులోంచి నియమాన్ని మళ్లీ లాక్కుంటారు.

ఊళ్ల పేర్లకు వచ్చేసరికి నీ పరిచయ వాక్యం ఒక్కటి సరిగ్గా వస్తే చాలు. ‘జాబీత్ ఆ వరంగల్, ఓ తెలంగాణా, ఆఁ నెఁద్.’ వరంగల్‌లో, తెలంగాణలో, ఇండియాలో ఉంటా. ఊరికి ఆర్టికల్ ఉండదు, అందుకని ఉత్త ‘ఆ’. తెలంగాణ ఫ్రెంచ్‌లో ‘లె తెలంగాణా’, పుంలింగం, అందుకని ‘ఓ’. ఇండియా ‘లెఁద్’, స్త్రీలింగం, ‘ఇండియాలో’ అని చెప్పేటప్పుడు ‘ఆఁ’ వచ్చి ఆర్టికల్ ఎగిరిపోతుంది. దాదాపు స్త్రీలింగ దేశాలన్నిటికీ ఇంతే. క్యూబా, ఇజ్రాయెల్, మడగాస్కర్ లాంటి కొన్ని దేశాలకు అసలు ఆర్టికలే లేదు. ఊళ్లలో మినహాయింపు లె ఆవ్ర్, లె మాఁ, లా రొషెల్ లాంటివి. నువ్వు అప్లై చేసే యూనివర్సిటీ వాటిల్లో ఉంటే ‘ఓ మాఁ’ అనాలి, ‘ఆ లె మాఁ’ కాదు.

రోజులు తేలిక. ‘లెఁది’ అంటే ఈ సోమవారం, ‘లె లెఁది’ అంటే ప్రతి సోమవారం. తేదీలకు ఎప్పుడూ లె. రామప్ప గుడి యునెస్కో జాబితాలోకి ఎక్కింది ‘లె 25 జ్వియే 2021’. భాషల పేర్లన్నీ పుంలింగమే, ‘జాప్రాఁ లె ఫ్రాఁసే’. ‘మాట్లాడతా’ అన్నప్పుడు మాత్రం లె తీసేసి ‘జె పార్ల్ తెలుగూ’ అన్నా చాలు. కిలో ఇంత అని చెప్పేటప్పుడు కూడా లె, ‘సాఁ రూపీ లె కీలో’.

రాని చోట్లు కూడా చూసుకో. నా, నీ, ఈ, ఆ అనే మాటలు ఉంటే లె రాదు, ఆ కుర్చీలో ఒక్కరికే చోటు. వృత్తి చెప్పేటప్పుడు రాదు, ‘జె స్వీ ఎత్యుదియాఁ’, నేను విద్యార్థిని. మనవాళ్లు ఇంగ్లిష్ ‘ఎ స్టూడెంట్’ గుర్తొచ్చి మధ్యలో ‘యెఁ’ దూరుస్తారు.

పరీక్ష గురించి ఎక్కువ భయపడకు. డెల్ఫ్ ఏ1 కి వందకు 50 వస్తే పాస్, నాలుగు భాగాల్లో దేంట్లోనూ 25కి 5 కన్నా తగ్గకూడదు. లింగం తప్పు చెప్పినంత మాత్రాన ఎవరూ ఫెయిల్ చెయ్యరు, ఆ స్థాయిలో అట్లాంటి తప్పులు మామూలే. మాట్లాడే భాగం చివర్లో అంగడిలో కొన్నట్టో, టికెట్ తీసుకున్నట్టో చిన్న సంభాషణ ఉంటుంది. అక్కడ ‘ద్యు, దె లా’ సరిగ్గా పడితే వినడానికి బాగుంటుంది, నీకూ ధైర్యం వస్తుంది. కాబట్టి ముందు చికెన్ వాక్యాలు, తర్వాత నొప్పులు, తర్వాత పరిచయం, ఈ వరసలో నోటికి తెచ్చుకో. యాప్ మానొద్దు, కానీ అది ‘ఎందుకు’ అనేది చెప్పదు, కాబట్టి పక్కన గ్రామర్ పుస్తకం ఒకటి పెట్టుకో.

నీ గురించి ఓ ఐదారు వాక్యాలు ఫ్రెంచ్‌లో రాసి కింద పెట్టు. ఉండే ఊరు, ఇష్టాలు, ఆదివారం ఏం తింటావు, ఏం తినవు. ఆర్టికల్స్ వరకు నేను దిద్ది పెడతా.